సముద్రం కనపడే ఫ్లాట్ కొనే ముందు తలెత్తి స్లాబు చూడండి

మీ ప్రశ్న ఇది: "హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. రిటైరైన అమ్మానాన్నల కోసం వైజాగ్–భీమిలి బీచ్ రోడ్డులో ఫ్లాట్ కొనాలనుకుంటున్నాం. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. సముద్రం దగ్గర ఉండటం ఎలా ఉంటుంది? రేట్లు పెరుగుతాయా?"

రేట్ల గురించి చెప్పేవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారు. నేను ఉండటం గురించే చెప్తాను. కొనేవాళ్ళలో ఆ మాట అడిగేవాళ్ళే తక్కువ, మీరు అడిగారు కాబట్టి ఇంత పొడుగ్గా రాస్తున్నాను. 2011 నుంచి మేము సాగర్‌నగర్ దగ్గర ఫ్లాట్‌లో ఉంటున్నాం. నేను, మా ఆవిడ, పిల్లాడు, మా అమ్మ.

బాగుంటుంది. అందులో అనుమానం లేదు. మే నెలలో ఊళ్ళో జనం ఉడికిపోతుంటే మధ్యాహ్నం దాటగానే మా బాల్కనీలోకి గాలి తిరుగుతుంది. తెల్లవారుజామున ఒడ్డున వల లాగేవాళ్ళ కేకలు ఇంట్లోకి వినిపిస్తాయి. మా అమ్మకి ఆ కేకలే అలారం. కానీ ఆ గాలి వట్టి గాలి కాదు, ఉప్పు మోసుకొస్తుంది. పొద్దున తుడిచిన కిటికీ అద్దం మీద సాయంత్రానికి వేలు పెట్టి గీస్తే జిడ్డుగా గీత పడుతుంది. అది అద్దం మీద పడితే తుడుచుకుంటాం. గోడలోకి, స్లాబులోకి వెళ్ళింది మాత్రం మన కంటికి కనపడదు. నేను చెప్పదలుచుకున్నది దాని గురించే.

2019 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం. అమ్మ బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పాత పంచె మీద పెట్టిన మినప వడియాలకు కాకుల కాపలా కాస్తోంది. మా చెల్లి ఫోన్ చేసింది. ఫోన్ హాల్లో ఛార్జింగ్‌లో ఉంది కాబట్టి అమ్మ లేచి లోపలికి వచ్చింది. రెండు మాటలు మాట్లాడిందో లేదో, బియ్యం బస్తా పైనుంచి పడేసినట్టు పెద్ద చప్పుడు. నేను ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను. పరిగెత్తి చూస్తే బాల్కనీ నిండా దుమ్ము. పై స్లాబు నుంచి పీటంత పెచ్చు ఊడి సరిగ్గా కుర్చీ మీద పడింది. కుర్చీ చెయ్యి విరిగిపోయింది. వడియాల మీద సిమెంటు ముక్కలు. అమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే గుమ్మంలో నిలబడిపోయింది, అవతల చెల్లి "ఏమైందమ్మా, ఏమైంది" అని అరుస్తోంది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడుతున్నాయి.

మర్నాడు తాపీ మేస్త్రిని పిలిచాను. స్టూలు ఎక్కి సుత్తి పిడితో స్లాబుని జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ వచ్చాడు. "చెవి పెట్టి వినండి బాబూ, ఇక్కడ గట్టిగా పలుకుతోంది, ఇదిగో ఇక్కడ బోలుగా పలుకుతోంది" అన్నాడు. ఆ తేడా ఒకసారి విన్నాక మళ్ళీ మర్చిపోలేం. బోలు శబ్దం బాల్కనీ దాటి హాల్లోకి రెండడుగుల దాకా వచ్చింది. బయటపడ్డ చువ్వని అతను గోటితో గీకితే తుప్పు పొరలు పొరలుగా రాలింది. 8 మిల్లీమీటర్ల చువ్వ ఒకచోట పెన్ను రీఫిల్ అంత సన్నబడి ఉంది. చువ్వకీ స్లాబు అడుగుకీ మధ్య ఎంత సిమెంటు ఉందో చూపించడానికి తన చిటికెన వేలు అడ్డంగా పెట్టాడు. వేలి మందం కూడా లేదు.

అప్పుడు కూర్చుని చదివాను. ఉప్పులో ఉండే క్లోరైడు కాంక్రీటు సందుల్లోంచి ఇనుము దాకా చేరితే తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన ఇనుము రెండింతలకు పైగా ఉబ్బి కాంక్రీటుని లోపలి నుంచే తోసేస్తుంది. పెచ్చు ఊడేది అందుకే. దీన్ని ఆపడానికి కాంక్రీటు పనులకి మన దేశపు ప్రమాణాల కోడ్ ఐఎస్ 456లో స్పష్టంగా రాసే ఉంది: సముద్రతీరపు గాలి తగిలే కాంక్రీటులో చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవర్, అంటే చువ్వని కప్పే కాంక్రీటు మందం ఉండాలి, కాంక్రీటు బలం కనీసం ఎం30 గ్రేడు ఉండాలి, కలిపే నీళ్ళలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. మా బిల్డర్ పక్కనే బోరు వేసి ఆ నీళ్ళతోనే కట్టాడని పాత వాచ్‌మన్ తర్వాత చెప్పాడు. సెంట్రింగ్ మీద చువ్వల కింద కవర్ బ్లాకులు సరిగ్గా పెట్టి ఉంటే అయ్యే ఖర్చు ఎంత? చాలా తక్కువ. ఆ తక్కువ ఖర్చు దగ్గర మిగుల్చుకుని, లాబీలో గ్రానైట్ వేసి, గేటు ముందు ఖర్జూర చెట్లు పెట్టి మాకు అమ్మారు. మేము ఆ చెట్లు చూసే కొన్నాం.

అందుకే నా సలహా చాలామందికి నచ్చకపోయినా గట్టిగా చెప్తాను. సముద్రం దగ్గర కొత్త ఫ్లాట్ కొనకండి, పది పన్నెండేళ్ళ పాత ఫ్లాట్ కొనండి. కొత్త బిల్డింగ్‌లో ఉప్పు ఇంకా లోపలే ఉంటుంది, పైన పెయింట్ మెరుస్తుంటుంది, మీకు ఏమీ తెలియదు. ఇళ్ళు కొనేవాళ్ళ కోసం తెచ్చిన రెరా చట్టం ప్రకారం స్వాధీనం చేసిన 5 ఏళ్ళ లోపల స్ట్రక్చర్ లోపం బయటపడితే బిల్డర్ 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. మంచి చట్టమే. కానీ మా స్లాబు పెచ్చు ఊడింది మేము చేరిన ఎనిమిదో ఏట. ఉప్పు ఐదేళ్ళు దాటేదాకా ఓపిగ్గా కూర్చుంటుంది. పదేళ్ళ బిల్డింగ్ అయితే నిజం చెప్పేస్తుంది. లోపలికి వెళ్ళగానే కిటికీలోంచి సముద్రం చూడకండి. ముందు కింద పార్కింగ్‌లోకి వెళ్ళి బీముల అడుగున పొడుగ్గా పగుళ్ళు, వాటి వెంట ఎర్రటి మరకలు ఉన్నాయేమో చూడండి. మెట్ల రెయిలింగ్ నేలని తాకే చోటు, లిఫ్ట్ తలుపు కింది అంచు, టెర్రస్ మీద నీళ్ళ ట్యాంకు అడుగు చూడండి. ఒక మేస్త్రిని వెంట తీసుకెళ్ళి నాలుగు చోట్ల తట్టించండి. పదేళ్ళు ఉప్పుగాలి తిని కూడా గట్టిగా పలికే బిల్డింగ్ అంటే దాన్ని కట్టినవాడు మంచివాడు, కట్టుబడి వరకు ధైర్యంగా తీసుకోవచ్చు.

ఇంకో బాధ చెప్పకుండా ఉండలేను. మా బిల్డింగ్‌లో 24 ఫ్లాట్లు. రాత్రి పూట లైట్లు వెలిగేవి తొమ్మిది ఫ్లాట్లలో. మిగతావన్నీ తాళాలే. ఓనర్లు హైదరాబాద్, బెంగళూరు, అమెరికా. స్లాబు రిపేరుకీ టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్‌కీ డబ్బులు వేసుకుందామంటే "మేము ఉండటం లేదు కదండీ" అంటారు. ఉప్పుకి ఎవరు ఉంటున్నారో లేదో తెలియదు కదా! పైగా మూసేసిన ఇల్లే ముందు పాడవుతుంది, గాలి ఆడదు, తుడిచేవాళ్ళుండరు. వాళ్ళ బాల్కనీలోంచి కారే నీళ్ళు మా గోడలోకి దిగుతాయి. దయచేసి మీరు అలా కొని తాళం వేసే పని చేయకండి. కొనేముందు రాత్రి ఎనిమిదింటికి బిల్డింగ్ ముందు నిలబడి వెలిగిన కిటికీలు లెక్కపెట్టండి. అసోసియేషన్ ఖాతాలో ఎంత డబ్బుందో అడగండి.

కాగితాల సంగతి క్లుప్తంగా. బ్రోకర్ "సముద్రానికి 200 మీటర్ల అవతలే ఉందండీ, ఏ ప్రాబ్లం లేదు" అంటాడు. సాయంత్రం మీరు నిలబడినప్పుడు అల తాకిన చోటు నుంచి అడుగులు లెక్కపెడితే సరిపోదు. తీరంలో కట్టడాల మీద ఆంక్షలుండే సీఆర్‌జెడ్ లెక్క హై టైడ్ లైన్, అంటే పోటు నీళ్ళు చేరే గీత నుంచి మొదలవుతుంది, 500 మీటర్ల దాకా పోతుంది. భీమిలి దగ్గర గోస్తని నది సముద్రంలో కలిసేచోట లాగా, పోటు నీళ్ళు లోపలికి వచ్చే ఏరులు, గెడ్డల ఒడ్డులకు కూడా ఆ నియమాలు ఉంటాయి. స్థలం డి-పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూమిలోంచి వచ్చిందేమో, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడండి. ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీ ఒక్కటి చూసి తృప్తి పడకండి. లాయర్ ఫీజు దగ్గర బేరమాడకండి.

నీళ్ళు చూడటానికి మాత్రం జనవరిలో రావద్దు, మే నెలలో రండి. తీరంలో మంచినీళ్ళు భూమి లోపల ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి. నీటిమట్టం సముద్రమట్టానికి ఒక మీటరు పైన ఉంటే కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీళ్ళుంటాయని లెక్క. తోడేసి ఆ ఒక్క మీటరు తగ్గించామంటే కింద ఉప్పునీళ్ళు అంత పైకి వచ్చేస్తాయి. ప్రతి అపార్ట్‌మెంటూ ఇంకో బోరు వేసుకుంటూ పోతోంది. మా బోరు నీళ్ళతో అన్నం వండి చాలా ఏళ్ళయింది. నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కుని తీసుకురండి, ఖరీదేమీ కాదు. తాగే నీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. వేసవిలో 2000 దాటిన బోరు ఉన్న చోట మీ అమ్మగారు ట్యాంకర్ కోసం ఫోన్లు చేస్తూ కూర్చోవాలి.

ఇక మీ నాన్నగారి మోకాళ్ళు. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు మేము ఈ ఇంట్లోనే ఉన్నాం. గంటకు 180 కిలోమీటర్ల గాలి. స్లైడింగ్ కిటికీల కింది పట్టాలోంచి నీళ్ళు హాల్లోకి ధారగా వస్తుంటే పరుపుని కిటికీకి ఆనించి మా ఆవిడా నేనూ వీపులతో నెట్టి పట్టుకున్నాం. ఆ గాలి ఒక్క రోజుతో పోయింది. అసలు కష్టం తర్వాత మొదలైంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, మోటారు తిరగదు, లిఫ్ట్ లేదు. మాది నాలుగో అంతస్తు. రోజుకి ఎనిమిది బిందెలు మెట్ల మీద మోశాను, అప్పటికి నాకు నలభై కాబట్టి మోయగలిగాను. అమ్మ వారం రోజులు కిందికి దిగలేదు.

కాబట్టి మీరు చూసే ఫ్లాట్ రెండో అంతస్తు దాటకుండా చూసుకోండి, సముద్రం కొంచెం తక్కువ కనపడినా పర్వాలేదు. జనరేటర్ లిఫ్ట్‌కీ మోటారుకీ కూడా పనిచేస్తుందో లేదో, వాచ్‌మన్‌తో మెయిన్ ఆపించి మీ ముందే ఆన్ చేయించి చూడండి. అన్నిటికంటే ముందు, ఏ ఆగస్టులోనో అదే రోడ్డులో ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకుని అమ్మానాన్నల్ని పెట్టండి. తుఫాన్ల కాలం, వేసవి రెండూ గడిచాక వాళ్ళు ఇక్కడే ఉంటామంటే కొనండి. ఏడాది అద్దె వృథా అనిపిస్తే, మా బాల్కనీ స్లాబుకీ హాలుకీ కలిపి మాకైన రిపేరు బిల్లు మా ఇల్లు అద్దెకిస్తే వచ్చే రెండేళ్ళ అద్దె కంటే ఎక్కువని గుర్తుంచుకోండి.