మా అమ్మాయి మోటార్ల మీద రీసెర్చ్ చేస్తానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) మూడో సంవత్సరం. ఎలక్ట్రిక్ బండ్ల మోటార్లు, సెన్సర్ల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. స్నేహితులంతా సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లో చేరారు. మాకేమో టెన్షన్. ఏం చెప్పమంటారు? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఆపకండి, వెళ్లనివ్వండి. మోటారు, సెన్సరు వేర్వేరు చదువులనుకుంటారు చాలామంది. స్కూటర్ చక్రంలోని హబ్ మోటారు విప్పి చూడండి. రాగి చుట్టల పక్కన చిన్న నల్లటి ముక్కలు మూడు ఉంటాయి. అవే అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్లు. రోటర్, అంటే అయస్కాంతాలు అతికించిన తిరిగే భాగం, ఎక్కడుందో అవి చెబితేనే ఏ చుట్టకు కరెంటు పంపాలో కంట్రోలర్‌కు తెలుస్తుంది. ఒక్కటి పాడైనా బండి కదలడానికి మొరాయిస్తుంది. కరెంటు పారుతున్న లోహం దగ్గర అయస్కాంతం ఉంటే అడ్డంగా చిన్న వోల్టేజీ పుడుతుందని భౌతిక శాస్త్రవేత్త ఎడ్విన్ హాల్ 1879లో గమనించాడు, దాని మీదే ఇదంతా నడుస్తోంది.

పని బోలెడంత ఉంది. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన ఖనిజాలు, వాటితో చేసే అయస్కాంతాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. ఈ మోటార్లలో వాడేది ఆ అయస్కాంతాలనే, దాంతో మన వాహన కంపెనీలు ఇబ్బంది పడ్డాయి. అయస్కాంతం లేకుండా నడిచే రిలక్టెన్స్ మోటార్లు ఉన్నాయి గానీ వాటిలో కుదుపు, మోత ఎక్కువ. వాటిని తగ్గించేవాళ్లు కావాలి.

బీటెక్‌తోనే డిజైన్ పని దొరకడం కష్టం, టెస్టింగ్‌తో మొదలవుతుంది. ఎంటెక్ ప్రవేశానికి పెట్టే గేట్ పరీక్ష రాసి, వరంగల్ ఎన్ఐటీలోని పవర్ ఎలక్ట్రానిక్స్ అండ్ డ్రైవ్స్ లాంటి ఎంటెక్‌లో చేరితే మంచిది. ఎంటెక్‌లో నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. మొదటి నాలుగైదేళ్లు సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిన స్నేహితుల జీతం ఎక్కువ కనిపించవచ్చు. ఇంటి మీద అప్పు ఉంటే ఆ సంగతి ఆమెతో ఇప్పుడే దాపరికం లేకుండా మాట్లాడండి. ఉద్యోగాలు ఎక్కువగా బెంగళూరు, పుణె, చెన్నైలలోనే ఉంటాయి.

ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. మెకానిక్ దగ్గర పాత హబ్ మోటారు తీసుకోండి. విప్పేటప్పుడు పక్కన ఒకరుండాలి, అయస్కాంతాలు వేళ్లు నలిపేస్తాయి. లోపల చూశాక మళ్లీ బిగించి, హాల్ సెన్సర్లకు 5 వోల్టులిచ్చి, ఒక సిగ్నల్ తీగకు, 5 వోల్టుల తీగకు మధ్య రెసిస్టర్ జోడించి, మల్టీమీటర్ చూస్తూ చక్రాన్ని నెమ్మదిగా ఒక చుట్టు తిప్పమనండి. ఎన్నిసార్లు వోల్టేజీ పైకి లేచిందో, ఆ మోటారు అయస్కాంతాల్లో అన్ని జతల (ఉత్తర, దక్షిణ) ధ్రువాలున్నట్టు. లెక్క ఎంతొచ్చిందో నాకు రాయమనండి. గేట్ సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.