కోపమంతా వలస వచ్చినోళ్ళ మీదేనా?

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయి జర్మనీలో ఎమ్మెస్ చేసి అక్కడే ఉద్యోగంలో చేరాడు. ఒకప్పుడు శరణార్థుల్ని చప్పట్లు కొట్టి పిలుచుకున్న జనమే ఇప్పుడు వద్దంటున్నారనీ, ట్రాములో తనను కూడా అదోలా చూస్తున్నారనీ ఫోన్లో చెప్పాడు. నాకు ఒకటే టెన్షన్. పదేళ్ళలో మనుషులు అంత మారిపోతారా?
– ఒక తల్లి, చీమకుర్తి

జవాబు: ముందు మీవాడి సంగతి చెప్తానమ్మా. వాడు వీసా మీద వెళ్ళి చదువుకుని పన్ను కడుతున్నవాడు, శరణార్థేమో యుద్ధానికో హింసకో భయపడి ఇల్లు వదిలి వచ్చి కాపాడమన్నవాడు. చట్టానికి ఇద్దరూ వేరు. ఎదురుసీట్లో కూర్చున్న మనిషికి ఆ తేడా మొహంలో కనపడదు, అదీ చిక్కు.

ఇక జనం సంగతి. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు గట్టు కింది ఇళ్ళవాళ్ళను మా వీధి చివర బడిలో ఉంచారు. మొదటిరోజు వీధంతా పోటీపడి పులిహోర, దుప్పట్లు మోసింది. నాలుగోరోజుకి "బడెప్పుడు తెరుస్తారు, కుళాయి నీళ్ళన్నీ వాళ్ళకేనా" అని మొదలైంది. ఆ మాటన్నది పులిహోర గిన్నె మోసుకెళ్ళిన ఆవిడే. ఆమె చెడ్డదేం కాదు, ఒక్క నీళ్ళ ట్యాంకరు వచ్చి ఉంటే ఆ మాట వచ్చేదే కాదు.

జర్మనీలో జరిగిందీ చాలావరకు ఇదే. 2015లో దాదాపు 8,90,000 మంది శరణు కోరి వచ్చారు, అందరికంటే ఎక్కువ సిరియా వాళ్ళు. మ్యూనిక్ స్టేషన్లో జనం నీళ్ళసీసాలు, పిల్లల బొమ్మలు పట్టుకుని నిలబడ్డారు. ఆ డిసెంబరు 31 రాత్రి కొలోన్ నగరంలో ఆడవాళ్ళ మీద దాడులు జరిగి, అనుమానితుల్లో చాలామంది బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళేనని తెలిశాక గాలి మళ్ళింది. వలసల్ని వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీకి 2017లో 12.6 శాతం ఓట్లొస్తే 2025లో 20.8 శాతం వచ్చాయి.

కానీ అదే జర్మనీ 2022లో పది లక్షలమంది ఉక్రెయిన్ వాళ్ళను తీసుకుంది. యూరప్ దేశాలు 2001లో రాసుకుని ఒక్కసారీ వాడని చట్టాన్ని బయటికి తీసి, ఆశ్రయం దరఖాస్తుల గొడవ లేకుండానే ఉండనిచ్చి, పని చేసుకోనిచ్చాయి. మిగతావాళ్ళకు అట్లా కాదు. బ్రిటన్లో అయితే ఏడాది దాకా పనికి అనుమతి అడగడానికే లేదు. పని చేయనివ్వకుండా హోటల్లో కూర్చోబెట్టి, తిని కూర్చుంటున్నారని తిడితే ఎట్లా? కోపం రావలసింది ఆ ఏర్పాటు మీద, వస్తున్నది ఆ మనిషి మీద.

అంతా ఏర్పాట్ల తప్పే అంటే అదీ అబద్ధమే అవుతుంది. ఎలాంటి శరణార్థిని రానిస్తారని 15 యూరప్ దేశాల్లో 18,000 మంది ఓటర్లను అడిగిన సర్వే ఒకటి 2016లో వచ్చింది. పని తెలిసినవాడు, చెప్పేదాంట్లో పొంతన ఉన్నవాడు, బాగా హింస పడ్డవాడు రావచ్చన్నారు, బాగానే ఉంది, ముస్లిం అనేసరికి వెనక్కి తగ్గారు. మతం, రంగు చూసుకునే దయ కూడా ఉంటుందమ్మా. మనమేం తక్కువ కాదు, మీ క్వారీల్లో పనికొచ్చిన బీహారు, ఒరిస్సా వాళ్ళ వల్లే అద్దెలు పెరిగాయంటాం, ఆ అద్దె తీసుకునేది మనమే.

మీవాణ్ణి ధైర్యంగా ఉండమనండి. నాలుగు జర్మన్ ముక్కలు గట్టిగా నేర్చుకోమనండి, పక్కింటివాళ్ళతో మాట కలపడానికి.

ప్రశ్న: శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదట, నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: నిజమే. శరణార్థి అంటే ఎవరో, వాళ్ళ హక్కులేమిటో చెప్పే 1951 ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీదా పెట్టలేదు, దాని పరిధి పెంచిన 1967 ప్రోటోకాల్ (అనుబంధ ఒప్పందం) మీదా పెట్టలేదు. శరణార్థుల కోసం ప్రత్యేకంగా చట్టం కూడా లేదు. అయినా 1959 నుంచి టిబెట్ వాళ్ళు, 1983 నుంచి శ్రీలంక తమిళులు ఇక్కడ ఉన్నారు. చట్టం లేదు కాబట్టి ఎవరికి ఏ సాయం అందుతుందనేది అప్పటి ప్రభుత్వం దయ. సూళ్ళూరుపేటలో మద్రాసు లోకల్ ఎక్కితే గుమ్మిడిపూండి వస్తుంది చూడు, అక్కడ శ్రీలంక తమిళుల క్యాంపు ఉంది. ఆ క్యాంపుల పేర్లలో 'శరణార్థి' అనే మాట తీసేసి 'పునరావాస' అని పెడుతున్నట్టు తమిళనాడు ప్రభుత్వం 2021లో ప్రకటించింది. క్యాంపుల్లో పుట్టి పెద్దయినవాళ్ళలో చాలామందికి పౌరసత్వం మాత్రం ఇంకా రాలేదు.