బడి గేటు నుంచి 50 మీటర్లు

పోయిన నెల ఈ శీర్షికలో పిల్లల బరువు గురించి రాస్తూ చివర్లో "ఇది ఒక్క అమ్మ చేతిలో ఉన్న పని కాదు, ప్రభుత్వానికీ వాటా ఉంది" అని ఒక ముక్క పడేశాను. ఆ ముక్కకి వచ్చినన్ని ఉత్తరాలు జ్వరాల మీద రాసినప్పుడు కూడా రాలేదు. మెచ్చుకున్నవాళ్ళు కొందరే, దులిపేసినవాళ్ళే ఎక్కువ. కాబట్టి ఈ నెల మీ జలుబులూ దగ్గులూ పక్కన పెట్టి ఇవే చూద్దాం.

డాక్టరు గారూ, మా బాబుకి తొమ్మిదేళ్ళు, 42 కిలోలు. మీరేమో ప్రభుత్వం అంటారు, మా అత్తగారేమో "అంతా నీ పెంపకం" అంటారు. ఇంట్లోకి నేను చిప్స్ ప్యాకెట్ తేనే తేను. మరి తప్పెవరిది?
– ఒక తల్లి, పాలకొల్లు

ఎత్తు రాయలేదమ్మా మీరు. బరువొక్కటే చూసి ఏమీ చెప్పకూడదు, ఎత్తుకి తగ్గ బరువా కాదా అన్నది చూడాలి. అయినా తొమ్మిదేళ్ళకి 42 కిలోలంటే ఎత్తు ఎంతున్నా కాస్త ఎక్కువే. ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించండి, గ్రోత్ చార్ట్ మీద చుక్క పెట్టి చూపిస్తారు. పిల్లాడి ముందు మాత్రం "లావు" అన్న మాట ఎత్తకండి. తిండి మాన్పించే ప్రయత్నం అసలు చేయకండి.

ఇక మీ అత్తగారి సంగతి. మన గోదావరి జిల్లాల్లో బొద్దుగా ఉన్న పిల్లాడంటే ఇంటికి కళ. బరువు ఎక్కువుందని నేనంటే, పక్కనున్న నాయనమ్మ "దిష్టి మాటలు మాట్లాడకండి డాక్టరు గారూ" అని నా ఎదురుగానే మూడుసార్లు మెటికలు విరిచింది ఒకావిడ. వాళ్ళని తప్పుపట్టను. వాళ్ళు చూసిన కాలంలో పిల్లాడు చిక్కిపోతే చేతికి దక్కుతాడో లేదోనన్న భయం ఉండేది, ఆ భయం ఇంకా పోలేదు, అంతే.

కానీ మీరు ఇంట్లోకి తేని ప్యాకెట్ మీవాడికి ఎక్కడ దొరుకుతోందో ఎప్పుడైనా చూశారా? నేను చూశాను. ఈ మధ్య పని మీద వెళ్ళి ఒక బడి ఎదురుగా సాయంత్రం నాలుగు గంటలప్పుడు పావుగంట నిలబడాల్సి వచ్చింది. కొట్టు ముందు ప్యాకెట్ల దండలు సరిగ్గా పిల్లల ముఖం ఎత్తుకి వేలాడుతున్నాయి, పెద్దవాళ్ళు కొనే సబ్బులూ షాంపూలూ పై అరలో ఉన్నాయి. ఐస్ పెట్టెలో పది రూపాయల చిన్న సీసాలు. గంట కొట్టాక బస్సు వచ్చేలోపు పది నిమిషాలుంటుంది, ఆ పది నిమిషాలకే ఆ కొట్టు బతుకుతోంది. ఒకడు ప్యాకెట్ మూల పళ్ళతో చించి, తల వెనక్కి వాల్చి సగం నోట్లో ఒంపుకున్నాడు, మిగిలింది పక్కవాడికిచ్చి వేళ్ళకంటిన కారప్పొడి ఒక్కో వేలే నాకాడు, ఆ తర్వాత ఇద్దరూ జేబులు వెతుక్కుని ఇంకోటి కొన్నారు. గేటు నుంచి కొట్టుదాకా నడిచి లెక్కపెట్టాను, నా అడుగులు పద్దెనిమిది.

పద్దెనిమిది అడుగులు ఎందుకు లెక్కపెట్టానంటారా? కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. కొవ్వు, ఉప్పు, చక్కెర మోతాదు మించిన తిండి బడి లోపల గానీ, గేటు నుంచి ఏ వైపైనా 50 మీటర్లలోపు గానీ పిల్లలకి అమ్మకూడదు, దాని ప్రకటనలు కూడా అక్కడ పెట్టకూడదు. బడికి వంద గజాల్లోపు సిగరెట్లు అమ్మరాదన్న బోర్డు అందరికీ తెలుసు. ఈ 50 మీటర్ల మాట మాత్రం నేనడిగిన హెడ్‌మాస్టర్లలో ముగ్గురికి తెలియదు. చట్టం రాయడంతో పని అయిపోయిందనుకుంటే ఇలాగే ఉంటుంది. ఒక టేపు, దాన్ని పట్టుకునే ఒక మనిషి, అడిగే ఒక తల్లి ఉండాలి. మీ బడి తల్లిదండ్రుల కమిటీ మీటింగులో అడగండి. కదలకపోతే జిల్లా ఆహార భద్రత అధికారికి కాగితం పెట్టండి, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ అనే యాప్‌లో కూడా ఫిర్యాదు చేయొచ్చు.

తప్పెవరిదని కదా మీరడిగింది. వంటింట్లో ఏం వండాలో ప్రభుత్వం చెప్పక్కర్లేదు, అది మీదీ మీ అత్తగారిదీ. గేటు బయట పద్దెనిమిది అడుగుల్లో ఏముండాలన్నది మాత్రం మీరొక్కరు తేల్చగలిగేది కాదు.

అయ్యా, బడి ఎదురుగా మాది చిన్న కొట్టు. నేనూ మా ఆవిడా పొద్దస్తమానం కూర్చుంటే మూడు నాలుగొందలు మిగులుద్ది. మీరు రాసేవి చదివి ఎవడో వచ్చి మా కొట్టు ఎత్తేయిస్తే మేమేం తినాలి? తయారుచేసే కంపెనీ వోణ్ణి ఏమీ అనరేం?
– ఒక చిరువ్యాపారి, నరసాపురం దగ్గర

నిజం చెప్పాలంటే ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది మీదే. మీరన్నది సబబే. దండ మీరు కట్టలేదు, కట్టి పంపించారు. ఫ్రిజ్ కూడా చాలా కొట్లలో కంపెనీలదే. ప్రభుత్వం వచ్చి మీ దండ తెంపేసి, దాన్ని తయారుచేసేవాడి జోలికి వెళ్ళకపోతే అది న్యాయం కాదు.

వెళ్ళిన దేశాలున్నాయి. మెక్సికోలో 2014 జనవరి నుంచి తీపి పానీయాలకి లీటరుకి ఒక పెసో పన్ను వేశారు, మొదటి ఏడాది కొనుగోళ్ళు సగటున 6 శాతం దాకా తగ్గాయి. బ్రిటన్‌వాళ్ళు ఇంకా తెలివిగా చేశారు. 100 మిల్లీలీటర్లకి చక్కెర 5 గ్రాములో అంతకు మించో ఉంటే పన్ను, తక్కువుంటే లేదు అని 2016లో చెప్పేసి, 2018 ఏప్రిల్ దాకా టైమిచ్చారు. పన్ను అమల్లోకి వచ్చేలోపే చాలా కంపెనీలు చక్కెర తగ్గించుకున్నాయి. కొనేవాడి మీద పడాల్సిన బరువు తయారుచేసేవాడి మీద పడింది. చిలీలో 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు మోతాదు మించితే ప్యాకెట్ ముందువైపే నల్లటి ఎనిమిది కోణాల ముద్ర వేయాలి. చదువు రాని అవ్వకైనా నల్లముద్ర అర్థమవుతుంది. మనకి 2022లో నక్షత్రాలిచ్చే పద్ధతికి ముసాయిదా తెచ్చారు. నాకది నచ్చలేదు, నక్షత్రమంటే మెచ్చుకుని ఇచ్చేది, ఒక్క నక్షత్రం వచ్చినా పిల్లాడు మంచిదే అనుకుంటాడు. ప్యాకెట్ వెనక ఆవగింజంత అక్షరాల్లో ఉన్నది నేను కళ్ళజోడు పెట్టుకుని కూడా చదవలేకపోతున్నాను, ఎనిమిదో తరగతి పిల్లాడు చదువుతాడా?

మన పన్నుల తమాషా కూడా చూడండి. గ్యాస్ ఉన్న కూల్‌డ్రింక్ మీద 40 శాతం జీఎస్టీ ఉంది, బాగుంది. కానీ 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లూ చాక్లెట్లూ 18 నుంచి 5 శాతానికి, ప్యాకెట్ మిక్చర్లు 12 నుంచి 5 శాతానికి వచ్చాయి, గ్యాస్ లేని పండ్ల రసం డ్రింకులు కూడా 5 శాతమే. ఇంటి ఖర్చు తగ్గిందని అందరం సంతోషించాం, నేనూ సంతోషించాను. డాక్టరుగా మాత్రం కళ్ళు మూసుకోలేను. గ్యాసా లావు చేసేది? చక్కెర కదా! కేరళలో 2016లో బ్రాండెడ్ రెస్టారెంట్లలో పిజ్జాలూ బర్గర్ల మీద 14.5 శాతం పన్ను వేశారు, మరుసటి ఏడాది జీఎస్టీతో అది పోయింది. అది ఉన్నా మన పల్లెల్లో ఒరిగేదేమీ లేదు, ఇక్కడి పిల్లాడు పిజ్జాతో పాడవట్లేదు, పది రూపాయల ప్యాకెట్‌తో పాడవుతున్నాడు.

మీ కొట్టు మాటకి వస్తాను. ఎత్తేయమని నేనెప్పుడూ అనలేదు. ఉడకబెట్టిన శనగలు, వేరుశనగకాయలు, జామకాయలు, కాలంలో తేగలు, మొక్కజొన్న పొత్తులు మీరూ అమ్మొచ్చు. రావులపాలెం మార్కెట్లో అరటిగెలలు లారీలకెక్కి పై రాష్ట్రాలకి పోతున్నాయి, మన బడి ముందు మాత్రం అరటిపండు కనపడదు. కాకపోతే జామకాయ రెండు రోజుల్లో పాడైపోతుంది, ప్యాకెట్ నెలలుంటుంది, నష్టం మీది. అక్కడే మునిసిపాలిటీయో పంచాయతీయో చెయ్యేయాలి. 50 మీటర్ల లోపలున్న కొట్లకి చిన్న అప్పు, నీడకో పందిరి, పండ్లు అమ్మితే సంతకు కట్టే ఆశీలు మాఫీ. ఇదేమంత ఖర్చండీ?

భీమవరంలో రిటైరైన టీచర్ని. ముప్పై ఏళ్ళు చదువు చెప్పాను, నా క్లాసులో ఎముకలు లెక్కపెట్టగలిగే పిల్లలే ఎక్కువ. ఊబకాయం డబ్బున్నవాళ్ళ రోగం. దానికి ప్రభుత్వం డబ్బు తగలేయడమేంటి?

మాస్టారూ, ఆ పిల్లలు ఇంకా ఉన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 35.5 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. అదే సర్వేలో అధిక బరువున్నవాళ్ళు 3.4 శాతం, అంతకు ముందు 2015-16లో 2.1. చిన్న అంకెలాగే ఉంది గానీ నాలుగైదేళ్ళలో ఎంత పెరిగిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ప్రపంచం మొత్తం మీద 5 నుంచి 19 ఏళ్ళ వాళ్ళలో ఊబకాయులు 9.4 శాతం, బరువు తక్కువున్నవాళ్ళు 9.2 శాతం అని 2025లో యునిసెఫ్ చెప్పింది. మొదటిసారి తక్కెడ అటు మొగ్గింది.

డబ్బున్నవాళ్ళ రోగం అన్నది మన చిన్నప్పటి మాట. ఇప్పుడు చౌక తిండే లావు చేస్తోంది. కొబ్బరితోటల మధ్యనున్న అమలాపురంలో కూడా బొండం ఖరీదులో రెండు మూడు కూల్‌డ్రింకు సీసాలు వస్తాయి! 250 మిల్లీలీటర్ల కోలా సీసాలో దాదాపు 26 గ్రాముల చక్కెర, అంటే ఐదు చెంచాలు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ రోజు మొత్తానికి చెప్పిన హద్దు అటూ ఇటుగా అంతే. కూలిపని చేసుకునే తల్లి చంటాడి చేతిలో పది రూపాయలు పెట్టి పనికెళ్తుంది, ఆ పదికి దొరికేది అదే.

ప్రభుత్వ బడిలో వంట చేస్తానండి. నూనె తగ్గించమంటున్నారు. కూర రుచి లేకపోతే పిల్లలు పారేస్తున్నారు. ఏం చెయ్యమంటారు?
– మండపేట వైపు నుంచి

మీరు పెట్టే అన్నంతో ఎవరూ లావెక్కరమ్మా. ప్రాథమిక బడి పిల్లాడికి లెక్క ప్రకారం నూనె 5 గ్రాములే, అంటే చెంచాడు. బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50. నూనె తగ్గించమన్న మాట ప్యాకెట్లు నమిలేవాళ్ళకి చెప్పాలి. పోపులో కరివేపాకు, వెల్లుల్లి కాస్త ఎక్కువ వేయండి, ఆకుకూర పప్పులో చింతకాయ పడితే ఎవడూ పారేయడు. కడుపునిండా భోంచేసిన పిల్లాడు నాలుగింటికి కొట్టు వైపు పరుగెత్తడు. నన్నడిగితే ఊబకాయం మీద ప్రభుత్వం చేస్తున్న అసలు పని మీ పొయ్యి మీదే జరుగుతోంది. మన రాష్ట్రంలో ఈ బడి మధ్యాహ్న భోజన పథకానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. మీ మండపేటలోనే పుట్టి, లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళందరికీ వండిపెట్టిన తల్లి. మీకు బిల్లులు ఆలస్యమవుతున్నాయని రాశారు, దాని గురించి విడిగా రాస్తాను, ఆ కోపం రెండు లైన్లలో ఇమడదు.

డాక్టర్ అంకుల్, నేను ఎనిమిదో తరగతి. మా స్కూల్‌కి గ్రౌండ్ లేదు. గేమ్స్ పీరియడ్‌లో లెక్కలు చెప్తారు. ఇంటికొచ్చేసరికి ఆరవుతుంది. నేను లావుగా ఉన్నానని అందరూ ఏడిపిస్తారు.

ముందు ఏడిపించేవాళ్ళ పేర్లు మీ టీచర్‌కి చెప్పమ్మా, అది చాడీ కాదు. మీ వయసువాళ్ళకి రోజుకి గంట సేపు ఒంటికి చెమట పట్టే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంది. ఆటస్థలం లేని మేడకి గుర్తింపు ఎలా ఇచ్చారని అడగాల్సింది నువ్వు కాదు, మీ నాన్నగారు. సైకిలు మీద వెళ్ళొచ్చుగా అని రాయబోయి ఆగాను. కాలవగట్టు రోడ్డు మీద రొయ్యల మేత లారీలు ఎలా తోలుతారో రోజూ చూస్తున్నాను, నా మనవరాలినైతే పంపను. కాలవగట్టున పిల్లలు భయం లేకుండా సైకిలు తొక్కే దారి వేయడం కూడా ఆరోగ్య శాఖ పనేనని ఎవరికి చెప్పాలో తెలియట్లేదు. అప్పటిదాకా మేడ మీద తాడాట, వెయ్యి లెక్కపెట్టు, ఒక్కసారిగా కాదు, విడతలుగా.

డాక్టర్ గారు, ఇంజక్షన్ వేశాక మీ కాంపౌండర్ చాక్లెట్ ఎందుకిస్తాడు?
– మూడో తరగతి, పేరు రాయొద్దన్నాడు

దొరికిపోయాను. ఆ డబ్బా ఇరవై ఏళ్ళుగా నా బల్ల మీదే ఉంది, నేనే కొంటాను. మీ ఉత్తరం వచ్చిన రోజే తీయించి బొమ్మల స్టిక్కర్లు పెట్టించాను. మొదటి రోజు ఏడుగురు పిల్లలు స్టిక్కర్ విసిరికొట్టి చాక్లెట్ కోసం ఏడ్చారు, కాంపౌండరు నావైపు గుర్రుగా చూస్తున్నాడు.