పరుగు వీరుల నాడి 44 కొడితే?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా మారథాన్లు పరుగెత్తుతున్నాను. పొద్దున్నే నాడి నిమిషానికి 44 ఉంటోంది. ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. పేస్‌మేకర్ (గుండెకు లయనిచ్చే చిన్న యంత్రం) పెట్టాలంటారా?

జవాబు: 44 అనే అంకె ఒక్కటే అయితే భయం లేదు. దీర్ఘకాలం పరుగెత్తేవారిలో గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నరం ప్రభావం పెరుగుతుంది, గుండెకు లయనిచ్చే సైనస్ కణుపు కూడా నెమ్మదిస్తుంది. మీ విషయంలో ఆలోచించాల్సింది ఆయాసం గురించే. వయసుతో ఆ కణుపు బలహీనపడితే, శ్రమకు తగ్గట్టు నాడి పెరగదు.

లేవకముందే మణికట్టు దగ్గర నిండు 60 సెకన్లు లెక్కపెట్టండి. మధ్యలో అదనపు గుండె స్పందనలుంటే స్మార్ట్‌వాచీలోనూ, మణికట్టు దగ్గరా లెక్క తక్కువ రావచ్చు. ఈసీజీ, 24 గంటల హోల్టర్ (రోజంతా ఒంటిమీద ఉంచే ఈసీజీ), ట్రెడ్‌మిల్ పరీక్ష, ఎకో (గుండె స్కాన్), థైరాయిడ్, పొటాషియం చూపించుకోండి. నాడిని తగ్గించే బీపీ, గుండె మందులు మెటోప్రొలాల్, డిల్టియాజెమ్ వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. గ్లకోమాకు (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) వేసే టిమోలాల్ చుక్కలూ నాడిని తగ్గిస్తాయి, ఈ సంగతి చాలామంది మరిచిపోతారు. మాత్రలు సొంతంగా ఆపొద్దు.

నిద్రలో గుండె స్పందనల మధ్య రెండు మూడు సెకన్ల విరామం ఇలాంటివారిలో మామూలే. మెలకువలో కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా, ఈసీజీలో హార్ట్ బ్లాక్ (గుండె పైగదుల సంకేతాలు కింది గదులకు చేరకపోవడం), అంటే కొన్ని సంకేతాలు హఠాత్తుగా ఆగిపోయే మోబిట్జ్ రెండో రకం గానీ, ఏవీ చేరని పూర్తి బ్లాక్ గానీ కనిపించినా ఆలస్యం వద్దు. పేస్‌మేకర్ మాట అప్పుడు వస్తుంది; శ్రమకు నాడి పెరగకపోవడమే మీ ఆయాసానికి కారణమని తేలినా రావచ్చు. ఫలితాలు వచ్చేదాకా పోటీ పరుగులు ఆపండి.