బాబు అడిగేదాకా కాస్త ఆగు

చి. సౌ. అమ్మలుకి, పెద్దమ్మ ఆశీస్సులు.

బాబుకి ఇరవై నెలలు నిండాయి, ఇంకా పది మాటలు కూడా రాలేదని మొన్న ఫోన్‌లో బాధపడ్డావు. ఆఫీసు హడావుడిలో నీతో తీరిగ్గా మాట్లాడటం కుదరలేదు. అంగన్‌వాడీలో ఇన్నేళ్లు ఆ వయసు పిల్లల మధ్యే గడిపాను కాబట్టి, నాకు తెలిసింది రాసి పంపుతున్నాను.

ముందు ఎదురింటి పాపతో పోల్చడం మానెయ్. ఈ వయసులో పిల్లకీ పిల్లకీ చాలా తేడా ఉంటుంది. ఏడాది దాటేసరికి ఒకటి రెండు మాటలు, రెండేళ్లకి యాభై దాకా మాటలు, వాటితో పాటు ‘అమ్మ రా’, ‘పాలు వద్దు’ అని రెండేసి కలపడం రావాలి. లెక్కపెట్టేటప్పుడు బువ్వ, లాల, భౌభౌ అన్నీ కలుపు. కుక్క కనిపించిన ప్రతిసారీ ‘తుత్త’ అంటున్నాడంటే అదీ మాటే. వాళ్ల నాన్న నేర్పిన ‘బాల్’, ‘కార్’ కూడా లెక్కలోకే వస్తాయి. ఇంట్లో రెండు భాషలు వినపడితే మాటలు ఆలస్యమవుతాయని ఎవరో చెప్పారన్నావు, అది నిజం కాదు. మీరు తెలుగు మానొద్దు. నానమ్మ కథ చెప్పేది ఏ భాషలోనో ఆ భాష వాడికి కావాలి.

మీ ఇంటికి వచ్చినప్పుడు నేను గమనించింది ఒకటి చెబుతాను. వాడు ఫ్రిజ్ వైపు చూశాడంటే చాలు, మీ అత్తయ్యగారు పాలు కలిపేస్తారు. ‘ఊఁ’ అనేలోపే బిస్కెట్ చేతిలో ఉంటుంది. ఆవిడ ప్రేమకొద్దీ చేసేదే. వాడికి మాటలు ఆలస్యం కావడానికి అదే కారణమని కూడా అనను. కానీ నోరు తెరవాల్సిన పని వాడికి పడటం లేదు. రోజులో ఒక్క పూట, అన్నం దగ్గర, ఇలా చేసి చూడు. పప్పన్నం ముద్ద కలిపి చేతిలో పట్టుకో. ‘ఇంకా కావాలా?’ అని అడిగి ఆగు. వాడి ముఖంలోకే చూస్తూ మనసులో పది దాకా లెక్కపెట్టు. చాలామంది రెండు దాకా కూడా ఆగలేరు, తామే ‘కావాలి’ అనేసి ముద్ద పెట్టేస్తారు. వాడు ‘ఇం’ అన్నా, చెయ్యి చాపినా, తల ఊపినా సరే, వెంటనే పెట్టు. ‘ఇంకా! ఇంకా కావాలి బాబుకి’ అని నువ్వు పూర్తి చెయ్యి. సరిగ్గా అంటేనే పెడతానని మాత్రం పంతం పట్టకు, అన్నం దగ్గర ఏడిపించకూడదు.

‘తుత్త’ అన్నప్పుడూ అంతే. ‘తుత్త కాదు, కుక్క అను’ అని సరిదిద్దితే నోరు మూసుకుంటాడు. ‘అవును, కుక్క! నల్ల కుక్క. తోక ఊపుతోంది చూడు’ అను. వాడి ఒక్క మాటకి నీవి రెండు మూడు చేర్చు. స్నానం చేయించేటప్పుడు, చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడు చేస్తున్న పనినే చెబుతూ ఉండు. దానికి వేరే టైమ్ అక్కర్లేదు, వేలు పోసి బొమ్మలు కొనక్కర్లేదు.

అన్నం పళ్లెం ముందు సెల్‌ఫోన్ నిలబెట్టడం మాత్రం ఈ రోజు నుంచే మానండి. రెండేళ్ల లోపు పిల్లలకి స్క్రీన్ వద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండేళ్లు దాటాక కూడా రోజుకి గంట మించకూడదట. ఫోన్‌లో బొమ్మ ఎంత మాట్లాడినా, వీడు ‘ఊఁ’ అంటే అది బదులివ్వదు. తాతయ్యతో వీడియో కాల్ వేరు, అది ఉండనివ్వు.

ఇక అసలు సంగతి. వినికిడి పరీక్ష చేయించు. ‘వాళ్ల నాన్నకీ మూడేళ్లకి గానీ మాటలు రాలేదు’ అన్న మాట పట్టుకుని కూర్చోవద్దు. కొంచెమే వినపడే పిల్లలు మన పెదవులూ చేతులూ చూసి నెట్టుకొస్తారు, తల్లికి కూడా తెలియదు. ఊరికే జలుబు చేసే పిల్లలకి చెవిలో నీరు చేరి సరిగ్గా వినపడకపోవచ్చు. చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే ఓఏఈ పరీక్ష కొద్ది నిమిషాల పని, నొప్పి ఉండదు. అవసరమైతే బెరా అని ఇంకోటి చేస్తారు, అది పిల్లవాడు నిద్రపోతుండగా చేస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రం ఉంది, వినికిడి, మాటల సమస్యలు అక్కడ చూస్తారు.

కావలసినవి వేలితో చూపించకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఒక్క వారం కూడా ఆగకుండా పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. మీ వాడు విమానం చూపించి నా ముఖంలోకి చూసి నవ్వాడు. అది నాకు చాలా ధైర్యాన్నిచ్చింది. అయినా పరీక్ష మానొద్దు.

మాటలు వస్తాయని మీ అత్తయ్యగారు వసకొమ్ము అరగదీసి బాబు నాలుకకి రాస్తానంటున్నారని చెప్పావు. వద్దు. మన పెద్దవాళ్లందరూ చేసిందే, కానీ అది పడక వాంతులు చేసుకున్న పిల్లల్ని నేను చూశాను. దానితో మాటలు రావు. ఈ మాట నువ్వు చెబితే ఆవిడ నొచ్చుకుంటారేమో, ఆదివారం నేనే ఫోన్ చేసి మాట్లాడతాను. ఈలోపు పరీక్షకి నువ్వు తేదీ తీసుకుని ఉంచు.

ఇట్లు,
మీ పెద్దమ్మ