ఆరోగ్యశ్రీ చుట్టూ: అడిగినవీ, చెప్పదగినవీ

ప్రశ్న: ప్రభుత్వం మారిన ప్రతిసారీ మా చేతిలోని ఆరోగ్య కార్డు మీద పేరు మారుతోంది, దాంతోపాటు పరిమితీ మారుతోంది. ఒకప్పుడు రెండున్నర లక్షలన్నారు, తరువాత ఐదు లక్షలన్నారు, ఆపైన ఇరవై ఐదు లక్షలన్నారు. వైద్య విధానంలో మన పార్టీల మధ్య నిజంగా తేడా ఉందా, లేక ఇదంతా పేర్ల గొడవేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: పేర్ల గొడవ ఉన్నమాట నిజమే. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టడం, 2024లో ప్రభుత్వం మారగానే మళ్లీ ఎన్టీఆర్ పేరు తేవడం అందరం చూశాం. పథకానిదీ అదే వరస. రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలై, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా, తరువాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీగా, ఇప్పుడు మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది.

అయితే దీని మూలం ఒక్కటే. గుండె ఆపరేషన్లకూ క్యాన్సర్ చికిత్సకూ సాయం చేయమంటూ ముఖ్యమంత్రి సహాయనిధికి వచ్చిపడే దరఖాస్తుల్లోంచి పుట్టిన ఆలోచనను వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో అమలు చేయడం ప్రారంభించింది. తెల్ల రేషన్ కార్డున్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అది చాలకపోతే మరో 50 వేలు అన్నది నాటి లెక్క. జబ్బుల జాబితాను, ఒక్కో చికిత్సకు ప్యాకేజీ ధరను ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఒప్పందంలో ఉన్న ఆసుపత్రి, చాలా సందర్భాల్లో ప్రైవేటుది, వైద్యం చేసి బిల్లు పంపుతుంది. ఆ తరువాత రెండు రాష్ట్రాల్లో అధికారంలోకి వచ్చిన ఏ పార్టీ కూడా ఈ పద్ధతిని ఎత్తివేస్తామనలేదు, ఎత్తివేయగల ధైర్యమూ ఎవరికీ లేదు.

కాబట్టి తేడాలను పరిమితిలో వెతకడం కంటే మిగతా షరతుల్లో వెతకడం మేలు. జగన్మోహన్‌రెడ్డి ప్రభుత్వం వార్షికాదాయం 5 లక్షల లోపున్న వారందరినీ పథకంలో చేర్చి, వైద్య ఖర్చు వెయ్యి రూపాయలు దాటితే వర్తింపజేస్తామని చెప్పి, ఆపరేషన్ తరువాత మంచాన ఉన్న రోజులకు రోజుకు 225 రూపాయల చొప్పున నెలకు 5 వేలకు మించకుండా ఆసరా భృతి ఇచ్చింది. 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షలకు పెంచింది. నా దృష్టిలో 25 లక్షల కంటే ఆ 225 రూపాయలే పెద్ద ఆలోచన. 25 లక్షల బిల్లు అయ్యే కుటుంబాలు ఎన్నో ఉండవు. ఆపరేషనై ఇంట్లో పడుకున్న మేస్త్రీకి నెలరోజుల కూలి పోవడం మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉన్నదే.

ప్రశ్న: ట్రస్టు ఉన్నా, బీమా కంపెనీ ఉన్నా రోగికి వైద్యం ఉచితమే కదా! మరి బీమా పద్ధతి తెస్తామని చంద్రబాబునాయుడు ప్రభుత్వం అంటే వైఎస్సార్ కాంగ్రెస్ ఎందుకంత గట్టిగా వ్యతిరేకిస్తోంది?
– పాఠకురాలు, అనంతపురం

జవాబు: వైద్యం ఉచితమే, కాని ‘సరే’ అనే అధికారం ఎవరి చేతిలో ఉంటుందన్నదే ఇక్కడి తగవు. ట్రస్టు అంటే పథకాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ; ఆ పద్ధతిలో ప్రతి కేసుకూ ప్రభుత్వమే నేరుగా డబ్బు చెల్లిస్తుంది కనుక కేసులు పెరిగితే ఖజానా మీద భారం పెరుగుతుంది. బీమా పద్ధతిలో కుటుంబానికి ఇంతని ప్రీమియం కట్టేస్తే ఆ ఏడాది కేసులు ఎన్ని వచ్చినా భరించవలసింది కంపెనీ. కంపెనీకి లాభం మిగలాలంటే క్లెయిములు తగ్గాలి. ప్రీమియం ముందే తెలిసిపోతుంది కాబట్టి బడ్జెట్ అదుపులో ఉంటుందనీ, అనుమతులూ చెల్లింపులూ త్వరగా జరుగుతాయనీ ప్రభుత్వం వాదిస్తోంది. పేదవాడి వైద్యాన్ని ప్రైవేటు కంపెనీ లాభనష్టాలకు ముడిపెడుతున్నారనీ, తిరస్కరణలు పెరుగుతాయనీ ప్రతిపక్షం వాదిస్తోంది. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదించిన విధానం ఈ రెండింటినీ కలిపింది. రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ, ఆపైన పేద కుటుంబాలకు 25 లక్షల వరకు ట్రస్టు భరిస్తాయి. తొలి రెండున్నర లక్షల బీమాను పేదలకే కాక అన్ని కుటుంబాలకూ వర్తింపజేయాలన్నది ఇందులోని కొత్త సంగతి. దీన్ని కొట్టిపారేయడం ప్రతిపక్షానికి కూడా తేలిక కాదు.

ఇక్కడ పార్టీల జ్ఞాపకశక్తి గురించి ఒక మాట చెప్పాలి. 2007లో వై.ఎస్. ప్రభుత్వం పథకాన్ని ప్రారంభించింది బీమా కంపెనీ ద్వారానే. స్టార్ హెల్త్ సంస్థకు ప్రీమియం కట్టి నడిపారు. 2008లో అదనపు జబ్బులను చేర్చినప్పుడు వాటిని ట్రస్టుకు నేరుగా అప్పగించారు. తరువాతి ఏళ్లలో బీమా తొలగిపోయి ట్రస్టు ఒక్కటే మిగిలింది. కనుక బీమాను ఇప్పుడే పుట్టుకొచ్చిన పాపంగా చూపడమూ సరికాదు, మునుపెన్నడూ లేని సంస్కరణగా చెప్పుకోవడమూ సరికాదు.

రోగి వైపు నుంచి చూస్తే ఈ వాదం ఎలా కనిపిస్తుందో చెబుతాను. కొంతకాలం కిందట ఒక జిల్లా కేంద్రంలోని ప్రైవేటు ఆసుపత్రిలో, పథకం తరఫున రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర కౌంటరు దగ్గర ఒక పూటంతా కూర్చున్నాను. యాభై ఏళ్ల మహిళ ఒకామె ప్లాస్టిక్ కవరులోంచి రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు తీసి బల్ల మీద పరిచారు. భర్తకు తుంటి ఎముక విరిగింది. ఆరోగ్యమిత్ర వివరాలు ఎక్కించి, ఎక్స్‌రే ఫొటో అప్‌లోడ్ చేసి, “అప్రూవల్ రావాలమ్మా, కూర్చోండి” అన్నాడు. మధ్యాహ్నానికి ఇంకేవో కాగితాలు అడిగారు, సాయంత్రానికి కూడా ‘పెండింగ్’ అనే ఉంది. ఆ తెర అవతల ఉన్నది ట్రస్టు డాక్టరా, బీమా కంపెనీ డాక్టరా అన్నది ఆమెకు అనవసరం. అవతలి వ్యక్తి వద్దంటే ఎవరిని అడగాలన్నదే ఆమెకు అవసరం. ట్రస్టు వద్దంటే ఎమ్మెల్యేను నిలదీయవచ్చు, ఆయనా ఫోను చేస్తాడు. కంపెనీ వద్దంటే ఎవరిని నిలదీయాలో కొత్త విధానం స్పష్టంగా చెప్పగలిగితే సగం అనుమానాలు తీరిపోతాయి.

మిగిలిన సగం బకాయిలది. ఈ విషయంలో పార్టీల మధ్య విచిత్రమైన ఐకమత్యం కనిపిస్తుంది. బిల్లులు రావడం లేదంటూ నెట్‌వర్క్ ఆసుపత్రులు తెలంగాణలో కేసీఆర్ హయాంలో 2019 ఆగస్టులోనూ, రేవంత్‌రెడ్డి హయాంలో 2025 సెప్టెంబరులోనూ సేవలు ఆపాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 మేలో, జగన్ ప్రభుత్వపు చివరి రోజుల్లో, ఒకసారి ఆగాయి. చంద్రబాబు హయాంలో 2025 అక్టోబరులో మరొకసారి ఆగాయి. పరిమితి పెంచడానికి ఒక జీవో చాలు, చెల్లించడానికి మాత్రం ప్రతి నెలా డబ్బు కావాలి.

ప్రశ్న: ఆయుష్మాన్ భారత్‌లో చేరబోమని చెప్పిన కేసీఆర్ తరువాత ఎందుకు చేరారు? అంతకాలం చేరకపోవడం వల్ల తెలంగాణ నష్టపోయిందా?
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలు ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశాలు. అందుకే కేంద్రం 2018 సెప్టెంబరు 23న రాంచీలో ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్‌లో చేరాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికే వదిలారు. కుటుంబానికి 5 లక్షలు, ఖర్చులో కేంద్రానికి 60 శాతం, రాష్ట్రానికి 40 శాతం అన్నది నిబంధన. 2011 నాటి సామాజిక ఆర్థిక గణన ఆధారంగా అర్హులను ఎంపిక చేయడం వల్ల తెలంగాణలో దాదాపు 26 లక్షల కుటుంబాలకే అది వర్తిస్తుందనీ, ఆరోగ్యశ్రీ అంతకు మూడింతల మందికి అందుతోందనీ కేసీఆర్ ప్రభుత్వం వాదించింది. ఆ వాదనలో పస ఉంది. కాని దానికి సమాధానం కూడా ఆ వాదనలోనే ఉంది: ఆ 26 లక్షల కుటుంబాలకు అయ్యే ఖర్చులో కేంద్రం వాటా తీసుకుని, మిగతా వారికి ఆరోగ్యశ్రీని కొనసాగించడానికి ఎవరూ అడ్డుపడలేదు. 2021లో చివరకు చేసింది అదే.

మధ్యలో కరోనా వచ్చింది. 2020లో ఆంధ్రప్రదేశ్ కొవిడ్ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. తెలంగాణలో ప్రతిపక్షాలు ఎంత అడిగినా చేర్చలేదు, గాంధీ ఆసుపత్రి వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చూస్తున్నామన్నది ప్రభుత్వం జవాబు. పడకలు దొరకక ప్రైవేటుకు వెళ్లి పొలాలు అమ్ముకున్న కుటుంబాలు మీ జిల్లాలోనూ ఉండి ఉంటాయి. ఒకే ఏడాది, ఒకే జబ్బు, ఒకే మూలం నుంచి వచ్చిన పథకం, రెండు రకాల నిర్ణయాలు. విధానాల్లో తేడా అంటే ఏమిటో ఇంతకంటే తేటగా చూపే ఉదాహరణ నాకు తోచదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీని ఆయుష్మాన్‌తో కలిపాక పరిమితి 5 లక్షలయింది; కాంగ్రెస్ ప్రభుత్వం అధికారంలోకి వచ్చిన రెండు రోజులకే, 2023 డిసెంబరు 9న, దాన్ని 10 లక్షలు చేసింది.

ప్రశ్న: మా ఊరికి మంజూరైన ప్రభుత్వ మెడికల్ కాలేజీని ప్రైవేటు భాగస్వామ్యంలో కడతామంటున్నారు. ఇది అమ్మేయడమేనని ఒకరు, కాదని ఒకరు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– విద్యార్థి, మార్కాపురం

జవాబు: ఇద్దరి మాటల్లోనూ కొంత దాచిన సంగతి ఉంది. జగన్ ప్రభుత్వం 17 కొత్త కాలేజీలు తలపెట్టి, వాటిలో ఐదింటిని, అంటే విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల కాలేజీలను 2023 సెప్టెంబరులో ప్రారంభించింది. మిగిలిన వాటిలో పదింటిని ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో పూర్తి చేయాలని కూటమి ప్రభుత్వం 2025 సెప్టెంబరులో నిర్ణయించింది. మార్కాపురం, ఆదోని, మదనపల్లె, పులివెందుల తొలి విడతలో ఉన్నాయి. నిధులు లేక పునాదుల దగ్గరే ఆగిన భవనాలు త్వరగా పూర్తవుతాయనీ, యాజమాన్యం ప్రభుత్వానిదేననీ ప్రభుత్వం చెబుతోంది. దీన్ని ప్రైవేటీకరణ అంటూ వైఎస్సార్ కాంగ్రెస్ కోటి సంతకాల కార్యక్రమం చేపట్టింది.

దాచిన సంగతి ఇది. కొత్త ప్రభుత్వ కాలేజీల్లో సగం సీట్లను సెల్ఫ్ ఫైనాన్స్, ఎన్నారై కోటాల కింద లక్షల ఫీజుకు పెట్టిన 107, 108 జీవోలు 2023లో జగన్ ప్రభుత్వం ఇచ్చినవే. వాటిని రద్దు చేస్తామని అప్పట్లో హామీ ఇచ్చింది తెలుగుదేశం. ఫీజులు పెట్టినవారు ఇప్పుడు ప్రైవేటీకరణ అని నినదిస్తున్నారు, రద్దు చేస్తామన్నవారు భాగస్వాములను పిలుస్తున్నారు.

నా అభిప్రాయం అడిగితే, సీటు కన్నా పడకే ముఖ్యం. కాలేజీకి అనుబంధంగా ఉండే ఆసుపత్రిలో ఓపీ చీటీకి డబ్బు తీసుకుంటారా, పథకం వర్తించని జబ్బుతో వచ్చిన రోగిని చేర్చుకుంటారా, పరీక్షల ధరలు ఎవరు నిర్ణయిస్తారు అన్నవి ఒప్పందంలో రాసి ఉండాలి. మీ ఎమ్మెల్యేను ఆ ఒప్పందం ప్రతి అడగండి. ప్రభుత్వం తానే కట్టడం మంచిదని నేను నమ్ముతాను, ఎందుకంటే పథకంలో లేని జబ్బుకు పేదవాడు వెళ్లగలిగేది సర్కారు దవాఖానాకే. అయితే పదేళ్లపాటు పునాదుల్లోనే ఉండిపోయే సర్కారు దవాఖానా ఏ రోగికీ అక్కరకు రాదన్న మాటా కాదనలేను.

ప్రశ్న: మా అమ్మగారికి 73 ఏళ్లు. మాకు తెల్ల కార్డు లేదు, నాకు ప్రైవేటు ఉద్యోగం. ఆమెకు ఏ పథకమైనా వర్తిస్తుందా?
– పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వర్తిస్తుంది. 70 ఏళ్లు నిండిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు ఆయుష్మాన్ కింద చికిత్స ఇచ్చే ఏర్పాటును కేంద్రం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. అప్పటికి ఢిల్లీ, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వాలు పథకానికి దూరంగా ఉన్నందున అక్కడి వృద్ధులకు అది అందలేదు. ఢిల్లీ 2025లో చేరింది. మీ అమ్మగారి ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగా ఉన్నదో లేదో ముందు చూసుకుని, ఆధార్‌తో నమోదు చేయించి కార్డు తీసుకోండి. ఆసుపత్రిలో చేర్చే ముందు మాత్రం రిసెప్షన్‌లో కాకుండా పథకం కౌంటరులోనే, ఆమెకు కావలసిన విభాగంలో ఈ కార్డు ఇప్పుడు చెల్లుతున్నదా అని అడగండి. కొన్ని ఆసుపత్రులు గుండెకు ఒప్పందం చేసుకుని మోకాళ్లకు చేసుకోవు.