ఎక్కువ మాట్లాడినవాళ్లకే పదవైవిధ్యం స్కోరు తక్కువ ఎందుకొస్తోంది?

మీరు అడిగింది ఇదీ: తెలుగు రెండో భాషగా నేర్చుకుంటున్నవాళ్ల మాటలు రికార్డు చేసి, వేర్వేరు పదాల సంఖ్యని మొత్తం పదాల సంఖ్యతో భాగించారు. నాలుగు ముక్కలు చెప్పి ఆపేసినవాళ్లకి మంచి స్కోరు, ధారాళంగా మాట్లాడినవాళ్లకి తక్కువ స్కోరు వచ్చింది. తప్పెక్కడ జరిగిందని.

మీ లెక్కలో తప్పు లేదు. మీరు వేసిన ఈ లెక్కని టైప్-టోకెన్ నిష్పత్తి అంటారు, దానికి పుట్టుకతో ఉన్న జబ్బే అది. మాట సాగేకొద్దీ 'నేను', 'అది', 'ఉంది', 'కానీ' మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి, కొత్త పదాలు మాత్రం తగ్గుతూ పోతాయి. ఉదాహరణకి ఒకరు 80 పదాలు మాట్లాడితే అందులో 52 వేర్వేరువి అనుకోండి, 0.65 వస్తుంది. ఇంకొకరు 320 మాట్లాడితే 128 వేర్వేరువి, అంటే 0.40. రెండో మనిషికి పదాలు తక్కువ తెలుసని ఎవరంటారు?

నేనూ మొదట ఇక్కడే బోల్తాపడ్డాను. మొత్తం పదాల వర్గమూలంతో భాగించే గిరో సూచికకి మారాను. పై ఉదాహరణలో అది 5.8, 7.2 ఇస్తుంది. అమ్మయ్య అనుకున్నాను గానీ, అది పొడవు ప్రభావాన్ని పూర్తిగా తీసేయదు. ఈసారి ఎక్కువ మాట్లాడినవాళ్లవైపు మొగ్గుతుంది, అంతే.

చివరికి నాకు నిలకడగా పనిచేసినవి రెండు. ఒకటి ఎమ్ఏటీటీఆర్ (మూవింగ్ యావరేజ్ టైప్-టోకెన్ నిష్పత్తి): 1 నుంచి 50వ పదం దాకా నిష్పత్తి, తర్వాత 2 నుంచి 51 దాకా, అలా 50 పదాల కిటికీని జరుపుకుంటూ పోయి సగటు తీయడం. రెండోది 2010లో మెకార్థీ, జార్విస్ అనే పరిశోధకులు పరీక్షించి చూపిన ఎమ్‌టీఎల్‌డీ అనే కొలత. నిష్పత్తి 0.72కి పడిపోయేదాకా ఎన్ని పదాలు పట్టాయో చూసి, మళ్లీ కొత్తగా మొదలుపెడతారు. ముందునుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి లెక్కేసి సగటు తీస్తారు. క్లాసులో వివరించాలంటే మొదటిదే సులువు.

అయితే నన్ను నిజంగా ఏడిపించింది ఫార్ములా కాదు, దేన్ని 'ఒక పదం' అనాలన్న ప్రశ్న. ఒకే క్రియని ఒకచోట 'వెళ్ళాను' అని, ఇంకోచోట 'వెళ్లాను' అని టైపు చేశాం. కంప్యూటర్‌కి అవి రెండు పదాలు! నేర్చుకునేవాళ్ల వైవిధ్యం అని మురిసిపోయినదాంట్లో కొంత మా స్పెల్లింగుల వైవిధ్యమే. 'ఇంట్లో', 'ఇంటికి', 'ఇంటినుంచి' సంగతి ఇంకా చిక్కు. మూడూ వేరని లెక్కిస్తే విభక్తులు బాగా వచ్చినవాళ్లకి పదసంపద మార్కులు పడతాయి. నేను అన్నిటినీ 'ఇల్లు' కిందే వేశాను. ఇంగ్లిష్‌లో ఈ బాధ లేదని కాదు, మనకి చాలా ఎక్కువ.

తడబాట్లూ అంతే. 'నేను... నేను నిన్న... నేను నిన్న వచ్చాను' అన్నచోట చివరిది మాత్రమే ఉంచాలి, లేకపోతే మీరు కొలిచేది పదాల్ని కాదు, తడబాటుని. ఆ పని చేత్తో చేయలేక, పక్కపక్కన రెండుసార్లొచ్చిన పదాన్ని తీసేసే చిన్న ప్రోగ్రామ్ రాశాను. అది 'చిన్న చిన్న', 'వేడి వేడి' లాంటివాటిని కూడా సగానికి కోసేసింది! చక్కటి తెలుగు మాట్లాడినవాళ్ల వాక్యాలే ఎక్కువ పాడయ్యాయి. మళ్లీ మొదటినుంచి ఆడియో వింటూ సరిచేయాల్సి వచ్చింది.

ఇంకో మాట. ఈ కొలతలేవీ పదం అరుదైనదా, మామూలుదా అని చూడవు. 'కుక్క', 'బల్ల', 'నీళ్లు' అన్నా వైవిధ్యమే. అది కావాలంటే పదాల వాడుక జాబితాలతో వేరే లెక్క చేయాలి.

మీ రికార్డింగులకైతే: అందరికీ ఒకే రకం పని ఇచ్చారో లేదో ముందు చూసుకోండి, బొమ్మ చూసి చెప్పినదాన్ని సొంత కథతో పోల్చకండి. స్పెల్లింగులు ఒకటి చేసి, తడబాట్లు తీసి, 50 పదాల కిటికీతో ఎమ్ఏటీటీఆర్ వేయండి. 50 పదాలు కూడా లేనివాటికి స్కోరు ఇవ్వకుండా, వీలైతే వాళ్లని మళ్లీ మాట్లాడించండి.